కుడి భుజం

చొక్కా తిరగేసి చంక దగ్గర కుట్టు లాగి చూడాలి. కాలరు మడిచి రెండు కొసలూ కలుస్తున్నాయో లేదో చూడాలి. గుండీలు ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి వదలాలి. తప్పు దొరికితే ఎర్ర స్టిక్కరు అంటించి పక్క బుట్టలో పడేయాలి. చెకింగక్క ఉద్యోగం అదే. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో ఆఖరి బల్ల ఆమెది. ఆమె చేతికింద నుంచి దాటిన చొక్కా ఇక నేరుగా పెట్టెలోకే పోతుంది. కుట్టే ఆడవాళ్ళకి ఆమె అంటే భయం, కాస్త కడుపుమంట కూడా. కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తుందనీ, ఇంటికి వెళ్ళి మొగుడికి కూడా స్టిక్కరు అంటిస్తుందనీ వెనకాల నవ్వుకునేవాళ్ళు. ఆ మాట ఒకనాడు ఆమె చెవిన పడింది. బాధ కలగకపోగా లోపల్లోపల కొంచెం పొంగిపోయింది.

ఆ కన్నే ఆమెను ఊరటలో కూడా పెద్దదాన్ని చేసింది.

ఊరట అంటే ఫోనులో ఉండే ఒక గుంపు. ఇంట్లో మంచాన పడ్డవాళ్ళకి చాకిరీ చేసేవాళ్ళు అందులో చేరతారు. అసలు పేరు చెప్పక్కర్లేదు, ఏదో ఒక మారుపేరు పెట్టుకుంటే చాలు. పక్క తడిసిన రోజు చిరాకు, డాక్టరు విసుక్కున్న రోజు ఏడుపు, చూడ్డానికొచ్చిన చుట్టాలు సలహాలు దంచి వెళ్ళిన రోజు ఒళ్ళుమంట, అన్నీ అక్కడ కక్కుకోవచ్చు. మామగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయిన కొత్తల్లో చెకింగక్క, ఫ్యాక్టరీలో పిలిచే ఆ పేరుతోనే అందులో చేరింది.

ఆ గుంపులోకి ఒకప్పుడు ఒక మహాతల్లి వచ్చి, లేని కూతురికి లేని జబ్బు అంటగట్టి, ఇంకో రెండు దొంగ పేర్లు పెట్టుకుని తనను తానే ఓదార్చుకుంటూ, అందరి చేతా నెలల తరబడి కన్నీళ్ళు పెట్టించింది. గుట్టు బయటపడ్డాక సగం మంది ఛీ అని వెళ్ళిపోయారు. అప్పటినుంచీ ఒకే మనిషి రెండు పేర్లతో తిరుగుతోందా అని ఆరా తీసే పని కొందరు తలకెత్తుకున్నారు. జీతం లేదు, భత్యం లేదు, తిట్లు మాత్రం పుష్కలం. అనుమానం వచ్చిన ఇద్దరి రాతలూ పక్కపక్కన పెట్టి కేసు కట్టేది చెకింగక్క లాంటివాళ్ళు. ఏ పేరు ఏ ఇంటి ఇంటర్నెట్టు నుంచి వస్తోందో చూసే అధికారం మాత్రం హెడ్మాస్టరు ఒక్కరికే ఉంది. ఆయన నిజంగానే హెడ్మాస్టరు చేసి రిటైరైన మనిషి. భార్యకు ఆఖరిదాకా సేవ చేసి, ఆమె పోయాక కూడా ఊరటను వదలలేకపోయాడు. ఆ దొంగతల్లి కోసం అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఆయనేనని చెప్పుకుంటారు.

ఇప్పుడు ఆమె చేతిలో ఉన్న కేసులో పేర్లు రెండు. ఒకటి తడిబట్ట, రెండోది కిటికీ. తడిబట్ట భర్త మెడకింద నుంచి చచ్చుబడి మంచంలో ఉన్నాడు. ఆవిడ పొద్దున్నే ఆయన పనులు చూసి, ఆసుపత్రి లాండ్రీలో పనికి పోయి, సాయంత్రం వచ్చి మళ్ళీ ఆయన పనులు చూస్తుంది. ఆ మధ్యలో దొరికిన సందులో ఊరటలో రాస్తుంది. మొహమాటం లేని రాత. కిటికీ కూడా తన భర్త మంచంలోనే ఉన్నాడని రాసుకున్న ఆడమనిషి. తన గోడు మాత్రం ఎన్నడూ వెళ్ళబోసుకోదు, తడిబట్ట రాసినదానికి జవాబులు రాయడమే ఆవిడ పని.

ఆ జవాబుల మీదే ఎవరో ఫిర్యాదు చేశారు. మేమూ రాస్తున్నాం, మాకెవరూ అలా రాయరేం అని వాళ్ళ బాధ. నిజానికి ఆ బాధ చెకింగక్కకి కూడా లేకపోలేదు. మామగారు మంచం దిగబోయి పడ్డ రోజున ఆమె మనసు విప్పి ఇంత పొడుగున రాస్తే, కింద వరసగా దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మలు వచ్చి పడ్డాయి. ఊరటలో అదే ఆచారం. ఎవరేం రాసినా చేతులు జోడించిన బొమ్మ ఒకటి తగిలించి పోతారు. కిటికీ ఒక్కతే అలా కాదు. తిన్నావా అని అడుగుతుంది. ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పమంటుంది. ఆ అడగటం తనకి కాక ఇంకొకరికి దొరుకుతోందని చెకింగక్క అసూయపడింది. కేసు కడుతున్నప్పుడు ఆ అసూయను న్యాయం అనుకుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ, క్యాంటీను మూల బెంచీ మీద టిఫిను డబ్బా మూత కూడా తీయకుండా ఆమె ఆ రాతలు తిరగేసింది. ఇద్దరూ ఒకే సమయంలో ఎప్పుడూ కనిపించలేదు. తడిబట్ట వెళ్ళాకే కిటికీ వస్తుంది. ఇంట్లో పంపు కారుతోందన్న గొడవ ఇద్దరి రాతల్లోనూ ఉంది. అయినా ఇవన్నీ పొగే గాని నిప్పు కాదు. నిప్పు ఆ రోజు దొరికింది. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉందని తడిబట్ట రాసింది. దానికింద కిటికీ రాసిన జవాబు ఇలా ఉంది: "కుడి భుజానికి వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకో. బకెట్టు ఎడమచేత్తో ఎత్తు."

కుడి భుజం అని తడిబట్ట ఎక్కడ రాసింది? చెకింగక్క మొదటినుంచీ వెతికింది. భుజం అన్న మాటే ఎక్కడా లేదు. రాయని నొప్పి ఇంకొకరికి ఎలా తెలుస్తుంది? చంకలో దాక్కున్న వదులుకుట్టు వేలికి తగిలినప్పుడు కలిగే సంబరమే ఆమెకి మళ్ళీ కలిగింది. గంట కొట్టేదాకా తినడం మరిచిపోయింది.

సాయంత్రం మామగారికి స్పూనుతో జావ పడుతుంటే హెడ్మాస్టరు ఫోను చేశాడు. మామగారి నోటి ఎడమ మూల నుంచి జావ కారుతోంది. ఆమె ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని గుడ్డతో తుడిచింది.

"రెండూ ఒకే ఇంటినుంచేనమ్మా," అన్నాడాయన. "నీ కన్ను కన్ను కాదు. ఆ భుజం ముక్క నాకైతే తట్టేదే కాదు."

ఫోను పెట్టేసి, దాన్ని బోర్లించి బల్ల మీద పెట్టింది. మామగారి ఎదుట ఫోను ఎప్పుడూ బోర్లించే పెడుతుంది. ఆయన గురించి తను రాసిన రాతలు అందులో ఉన్నాయి కదా.

తీర్పు నోటీసుబోర్డులో పడింది. తడిబట్ట, కిటికీ ఒకే మనిషి, రెండు పేర్లూ మూసేశాం అని. ఊరటలో తీర్పు అంటే నలుగురిలో నిలబెట్టి చెప్పడమే. పేరు మీద ఎర్రగీత పడుతుంది, రాతలన్నీ మాయమవుతాయి, మూసినవాళ్ళకి లోపల ఏం జరుగుతోందో కూడా కనిపించదు. కేసు కట్టినవాళ్ళ పేరుతో తీర్పు నకలు ఒకటి వాళ్ళకి అందుతుంది, ఆపైన మిగిలేది మొరపెట్టె ఒక్కటే. అందులో మొర వేసుకుంటే కేసు కట్టినవాళ్ళు ముందు చదివి హెడ్మాస్టరుకి చెప్పాలి. నోటీసు కింద చప్పట్ల బొమ్మలు కురిశాయి. రాత్రి పక్క ఎక్కేదాకా చెకింగక్క వాటిని మాటిమాటికీ చూసుకుంది. సరుకుల వ్యాను తోలి అలిసొచ్చిన మొగుడు, ఏమిటే అంత నవ్వుతున్నావు అని అడిగితే, నీకు చెప్పినా అర్థం కాదులే అంది.

మర్నాడు మధ్యాహ్నం మొరపెట్టెలో తడిబట్ట ఉత్తరం ఉంది. దొరికిపోయినవాళ్ళ మొరలు ఎలా ఉంటాయో చెకింగక్కకి కంఠతా వచ్చు. ముందు బుకాయింపు, తరవాత తిట్లు, ఆ తరవాత కాళ్ళబేరం. ఇది ఆ వరసలో లేదు.

"కిటికీ ఎవరో నాకు తెలీదు. నేను కాదు. నమ్మకపోతే మానెయ్యండి, నన్ను తీసేస్తే తీసేయండి. ఆవిడని మాత్రం లోపలికి రానివ్వండి. ఆవిడ మొగుడు కూడా మంచంలోనే ఉన్నాడు. నాకు చెప్పడమే గాని తన బాధ ఎవరితోనూ చెప్పుకోలేదు పాపం. ఇప్పుడు ఎవరున్నారు ఆవిడకి?"

చెకింగక్క దాన్ని రెండుసార్లు చదివింది. సొంత దొంగపేరు కోసం ఇంతగా బతిమాలేవాళ్ళని ఆమె చూడలేదు. హెడ్మాస్టరుకి చెబితే ఆయన తేలిగ్గా కొట్టిపారేశాడు. తన కోసం అడిగితే ఎవరూ నమ్మరని పక్కదాని కోసం అడగడం పాత ఎత్తేనన్నాడు. ఆ మహాతల్లి కూడా ఇలాగే అడిగిందట.

సాయంత్రం ఫ్యాక్టరీ వదిలాక బస్సులో నిలబడి ఉండగా రెండో ఉత్తరం వచ్చింది. కిటికీ రాసింది. అక్షరాలు చెల్లాచెదరుగా ఉన్నాయి, ఒక్కో మాట మధ్యలో తెగి కింద వరసకి పడింది.

"చెకింగక్క గారికి. నేను ఆడదాన్ని కాను. తడిబట్ట నా భార్య. ఎడమచేతి వేళ్ళు రెండు కదులుతాయి నాకు. పాటలు పెట్టుకోమని పాత ఫోను స్టాండుకి బిగించి పోతుంది. ఒకరోజు అన్నం పెడుతూ తను మీ గుంపులో రాయడం చూశాను. నేనూ చేరాను. ఇంట్లో నా ముందు నవ్వుతూనే ఉంటుందండీ. ఆ ఏడుపంతా ఎక్కడో ఒకచోట పారబోసుకోవాలి కదా. ఈయన పోతే బాగుండునని ఒకసారి రాసింది. అలా అనిపించడం తప్పు కాదని నేను జవాబు రాశాను. ఆ రాత్రి చాలా రోజులకి నిద్రపోయింది. చదివేది నేనని తెలిస్తే ఇంక ఒక్క ముక్క రాయదు. నా మొహంలోకి చూడలేకపోతుంది. నన్ను తీసేయండి. తనని ఉంచండి. నేనెవరో మాత్రం చెప్పకండి."

దిగాల్సిన చోటు దాటి బస్సు రెండు వీధులు పోయాక గాని ఆమెకి తెలివి రాలేదు. దిగి వెనక్కి నడిచింది. కుడి భుజం. బకెట్టు ఎత్తుతుంటే మొహం ఎలా ముడుచుకుంటుందో, ఏ చెయ్యి ఆగి ఆగి లేస్తుందో, మంచంలో కదలకుండా పడున్న మనిషికే కనిపిస్తుంది. చూడటం తప్ప ఆయనకి వేరే పని ఏముంది? ఆయన చూసి రాసిన ముక్కను తను పట్టుకుని దొంగ దొరికిందని గంతులేసింది. నడుస్తున్న ఆమెకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఇంటికొచ్చి ముందు హెడ్మాస్టరుకే ఫోను చేసింది. ఆయన అంతా ఓపికగా విన్నాడు. చెడ్డవాడు కాదు. నిజమైతే ఆ ఇల్లాలికి అన్యాయం జరిగిందనీ, తీర్పు మార్చాల్సిందేననీ ఒప్పుకున్నాడు.

"అయితే కారణం రాయాలమ్మా," అన్నాడు. "ఇద్దరూ వేరు వేరు మనుషులు, ఒకే ఇంట్లో భార్యాభర్తలు, భర్త ఆడపేరుతో రాశాడు అని."

"అది చదివితే ఆవిడకి తెలిసిపోతుంది మాస్టారూ. కారణం లేకుండా తెరిచేద్దాం."

"కారణం రాయకుండా తీర్పు తిరగరాస్తే రేపు ప్రతివాడూ నీకు చుట్టమా, నాకు చుట్టమా అంటాడు. ఆ దొంగతల్లి గొడవప్పుడు మనం అందరికీ ఇచ్చిన మాట అది. దాచం అని."

ఆవిడ బతుకు కన్నా నోటీసుబోర్డు ఎక్కువా అని ఆమె నోటిదాకా వచ్చింది. కానీ దాచకూడదని నిన్నటిదాకా అందరికన్నా గట్టిగా అరిచింది తనే. రేపు సాయంత్రానికి సవరణ రాసి పంపమని ఆయన ఫోను పెట్టేశాడు.

రాస్తే మొగుడి గుట్టు రట్టవుతుంది. రాయకపోతే పెళ్ళాం దొంగగా మిగిలిపోతుంది. ఆలోచించి ఆలోచించి బుర్ర వేడెక్కాక ఆమెకి ఒక సందు కనిపించింది. పక్కింటివాళ్ళెవరైనా ఆ ఇంటి ఇంటర్నెట్టు వాడుకుంటూ ఉంటే? అప్పుడు కిటికీ పక్కింటి ఆడమనిషి అని రాసేయొచ్చు. అబద్ధమే, అయినా ఎవరికీ దెబ్బ తగలని అబద్ధం. తన తెలివికి తనే మెచ్చుకుంటూ తడిబట్టకి జవాబు రాసింది. కిటికీ మీ ఇంటి ఇంటర్నెట్టు నుంచే రాస్తోంది, పక్కవాళ్ళెవరైనా వాడుకుంటారా అని అడిగింది. అక్కడితో ఆగితే బాగుండేది. కేసుకట్టే అలవాటు కదా, పిడికెడు ఆధారం అదనంగా ఉండాలనిపించింది. ఆవిడ ఏ పక్కింటామె పేరో చెబితే అతుక్కుంటుందని ఇంకో ముక్క చేర్చింది.

"మీ కుడి భుజం నొప్పి గురించి ఎవరికైనా చెప్పారా?"

పంపాక కూడా ఆమెకి ఏమీ అనిపించలేదు. మామగారి పక్క మార్చి, ఆయన్ని ఒత్తిగిలించి, వీపుకి పౌడరు రాసింది. పొద్దున ఫ్యాక్టరీకి బయల్దేరబోతుంటే జవాబు కనిపించింది.

"పక్కింట్లో ఎవరూ లేరు. ఖాళీ. భుజం సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా తెలియనివ్వలేదు."

కాసేపటికి దానికిందే ఇంకొకటి వచ్చింది. "ఇంట్లో నేనూ ఆయనా." అంతే. దాని తరవాత ఏమీ లేదు.

అప్పుడు గాని చెకింగక్కకి తను అడిగిందేమిటో అర్థం కాలేదు. చెప్పులు వేసుకోవడానికి వంగిన మనిషి అలాగే గడప మీద కూలబడింది. అటు లాండ్రీకి బయల్దేరుతూనో, ఆయనకి నోరు పుక్కిలింపిస్తూనో, ఆవిడ ఆ ప్రశ్న మీద ఆగిపోయి ఉంటుంది. ఎవరికీ చెప్పని నొప్పి, ఇంటినుంచే వచ్చిన జవాబు. వెతకడానికి ఇంట్లో ఎంతమంది ఉన్నారని? నోటీసుబోర్డు చెప్పకుండానే తను చెప్పేసింది.

ఆ రోజు బల్ల దగ్గర చేతులు వాటంతట అవే చొక్కాలు తిరగేశాయి. సూపర్వైజరు వచ్చి, ఏంటక్కా, ఇవాళ బుట్ట ఖాళీగా ఉంది, మావాళ్ళంతా ఒక్కసారిగా పనిమంతులైపోయారా అని ఎగతాళి చేశాడు. ఆమె బుట్టకేసి చూసింది. నిజంగానే ఖాళీ. ఎన్ని వదులుకుట్లు పెట్టెలోకి పోయాయో దేవుడికి తెలియాలి.

సాయంత్రం సవరణ రాయడానికి కూర్చుంది. ఇంక దాచడానికి ఏముంది, ఉన్నదున్నట్టు రాసి కనీసం ఆవిడ పేరు మీద గీతైనా చెరిపేద్దాం అనుకుంది. ఫోను తెరిచేసరికి మొరపెట్టెలో తడిబట్ట ఉత్తరం ఉంది. ఈసారి హెడ్మాస్టరుకి కూడా కలిపే పంపింది.

"రెండు పేర్లూ నావే. నన్ను నేను ఓదార్చుకోవడానికి పెట్టుకున్నాను. మొదట అబద్ధం చెప్పాను. మా ఇంట్లో ఇంకెవరికీ దీనితో సంబంధం లేదు. ఎవరినీ ఏమీ అడగవద్దు. తప్పయిపోయింది, క్షమించండి."

చెకింగక్కకి అర్థమైంది. ఆవిడ దొంగ అన్న ముద్రను తన చేత్తో తనే అంటించుకుంది. తన రాతలు చదివింది భర్తేనని ఆవిడకి తెలిసిపోయింది, ఆ సంగతి ఆయనకి తెలియకూడదు. లోపల ఏం జరుగుతోందో ఆయనకి కనిపించదు, కాబట్టి ఈ ఒప్పుకోలు కూడా ఆయన చూడడు. కాపాడింది ఆయన్నే. పోయేదాకా మొహంమొహం చూసుకుంటూ ఒకే గదిలో ఉండాలి కదా ఇద్దరూ.

హెడ్మాస్టరు గొంతులో విజయం లేదు, అలసట ఉంది. అదీ మేలే, లేకపోతే ఆమె తట్టుకోలేకపోయేది.

"చూశావా తల్లీ," అన్నాడు. "మొగుడి పేరుతో వచ్చిన ఆ ఉత్తరం కూడా ఆవిడ అల్లిందేనన్నమాట. నువ్వూ కరిగిపోయావు, నేనూ కరిగిపోయాను. ఎంత బాగా రాసిందో."

చెకింగక్క నోరు విప్పింది. ఇది అబద్ధం మాస్టారూ అనడానికి ఎంతసేపు? అంటే ఆయన మళ్ళీ తవ్వుతాడు, కారణం రాయమంటాడు, ఆవిడ కష్టపడి మూసిన తలుపు మళ్ళీ తెరుస్తాడు. తన జీవితంలో మొదటిసారి, చేతిలో ఉన్న తప్పుకి స్టిక్కరు అంటించకుండా వదిలేసింది.

"అవును మాస్టారూ," అంది.

"నువ్వు లేకపోతే ఇది తేలేది కాదమ్మా. వచ్చేవారం నుంచి కొత్తగా చేరినవాళ్ళకి కేసు కట్టడం నువ్వే నేర్పాలి."

కేసు ముగిస్తే మొరపెట్టె కూడా మూసేస్తారు. మూసేముందు వచ్చినవాటికి ఒక్క జవాబు రాయడానికి మాత్రం వీలుంటుంది. కిటికీ నుంచి ఇంకో ఉత్తరం వచ్చి ఉంది. మునుపటికన్నా అక్షరాలు ఇంకా చెదిరిపోయాయి.

"ఇవాళ బకెట్టు ఎడమచేత్తో ఎత్తింది. నావైపు చూడలేదు. తరవాత వచ్చి తల దువ్వింది. మునుపటికన్నా ఎక్కువ నవ్వుతోంది. అదే నాకు భయంగా ఉంది. తెలిసిపోయిందా అక్కగారూ? నిజం చెప్పండి."

నిజం చెప్పమని అడిగినవాళ్ళకి నిజమే చెప్పాలని ఆ గుంపులో రూలు పెట్టించింది కూడా చెకింగక్కే. ఆమె రాసింది: "ఆవిడకి ఏమీ తెలియదు. మీరని ఆవిడ అనుకోనే లేదు." ఒకసారి చదువుకుంది. ఎక్కడా కుట్టు వదులు లేదు. పంపేసింది. పెట్టె మూసుకుపోయింది. నమ్మాడో లేదో ఆయన చెప్పడానికి ఇంక దారి లేదు, తెలుసుకోవడానికి ఆమెకీ లేదు.

మామగారి జావ చల్లారిపోయింది. వేడిచేసి తెచ్చి పట్టింది. రెండు స్పూన్లు తిని ఆయన నోరు మూసేశాడు. బతిమాలింది, విసుక్కుంది, విసుక్కున్నందుకు తనను తాను తిట్టుకుంది. చివరికి గిన్నె పక్కన పెట్టి ఊరట తెరిచింది. ఎంతో రాయాలని ఉంది, రాయడానికి వీల్లేదు. వేళ్ళు చాలాసేపు అక్షరాల మీద తచ్చాడాయి.

"నేను ఒక తప్పు చేశాను. ఎవరికీ చెప్పుకోలేనిది," అని రాసి పెట్టింది.

ఫోను ఈసారి బోర్లించలేదు. మామగారి కళ్ళు దాని మీదే ఉన్నాయి. ఆమె కూడా దాన్నే చూస్తూ కూర్చుంది. ఒకటి తరవాత ఒకటి దణ్ణం పెడుతున్న చేతులు వచ్చి పడ్డాయి. అయ్యో అనే మొహాలు కూడా రెండు వచ్చాయి. ఆమె వేలితో కిందికి జరుపుతూ పోయింది. ఆఖరిదాకా చూసి, మళ్ళీ పైకి పోయి చూసింది. ఏం తప్పు అని ఒక్కరూ అడగలేదు.